చిన్న ఔషధ సంస్థ మదుపరులతో ఎలా మాట్లాడాలి? నాలుగు దారులు, ఎవరికి ఏది

అమ్మకాలే లేని సంస్థ మూడు నెలలకోసారి ఏం చెబుతుంది? ఒకటో రెండో మందులు ట్రయల్స్‌లో ఉన్నాయి, ఇంత ఖర్చయింది, బ్యాంకులో ఇంత మిగిలింది. అంతకుమించి లెక్కల్లో చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే వస్తువులు అమ్ముకునే కంపెనీల కోసం రాసిన మదుపరుల సంబంధాల పాఠాలు ఇక్కడ సగానికి సగం పనికిరావు. ఆదాయం ఎంత పెరిగింది, లాభం ఎంత అని అడిగేవారు ఉండరు. ఫలితం ఎప్పుడు, డబ్బు అప్పటిదాకా సరిపోతుందా అన్నవే ప్రశ్నలు.

ఇరవై ముప్పై మంది పనిచేసే చోట ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ప్రత్యేకంగా మనిషి ఉండడు. సీఈఓ ట్రయల్ కేంద్రాల చుట్టూ తిరుగుతుంటారు. సీఎఫ్ఓ (ఆర్థిక విభాగాధిపతి) ఆడిటర్లతో, బ్యాంకర్లతో తలమునకలై ఉంటారు. కాబట్టి అన్నీ చేయడం కుదరదు, ఎంచుకోవాల్సిందే. చాలా సంస్థలు ఎంచుకోకుండానే ఒక తీరులోకి జారిపోతాయి. నిధులు కావలసిన రోజుల్లో వారానికో ప్రకటన, ఫలితం బెడిసికొట్టిన రోజు నుంచి మౌనం. అన్నిటికన్నా ఖరీదైన పద్ధతి ఇదే. ఎందుకంటే మళ్లీ నిధులు అడగడానికి వెళ్లినప్పుడు ఎదుటివారికి గుర్తుండేది ఆ మౌనమే.

ముందుగా కొలబద్దలు చూద్దాం. ఆ తర్వాత దారులు.

## ఏ కొలబద్దతో కొలవాలి

చెడ్డ వార్తను మోయగలదా? నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే. మనుషుల మీద ట్రయల్స్ మొదలుపెట్టిన మందుల్లో సుమారు పదింటిలో తొమ్మిది ఆమోదం దాకా రావు. అంటే ఈ రంగంలో చెడ్డ వార్త వస్తుందని ముందే అనుకుని ఏర్పాట్లు చేసుకోవాలి. శుభవార్త చెప్పడానికి ఎంచుకున్న వేదిక మీదే, అదే గొంతుతో, ట్రయల్ విఫలమైందని చెప్పగలరా? చెప్పలేమనిపిస్తే ఆ వేదికను మొదటి రోజే వదిలేయడం మేలు.

అందరికీ ఒకేసారి చేరుతుందా? ఇది చట్టానికి సంబంధించిన కొలబద్ద. అమెరికాలో 2000 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న రెగ్యులేషన్ ఎఫ్‌డీ ప్రకారం, నమోదిత సంస్థ ఒక ఫండ్ మేనేజరుకో విశ్లేషకుడికో కీలక సమాచారం చెబితే అదే సమయంలో ప్రజలందరికీ చెప్పాలి. నోరు జారి చెప్పేసినట్లయితే 24 గంటల్లోగా, లేదా తర్వాతి ట్రేడింగ్ మొదలయ్యేలోగా, ఈ రెంటిలో ఏది ఆలస్యమైతే ఆలోగా బయటపెట్టాలి. ఐరోపా సమాఖ్యలో 2016 జులై నుంచి అమలవుతున్న మార్కెట్ దుర్వినియోగ నిబంధన, అంతర్గత సమాచారాన్ని వీలైనంత త్వరగా వెల్లడించమంటుంది. ఆలస్యం చేయాలంటే కొన్ని షరతులు నెరవేరాలి. భారత్‌లో సెబీ నియమాలు గంటల లెక్కన గడువులు పెట్టాయి: సంస్థ లోపల పుట్టిన విషయానికి 12 గంటలు, బయటి నుంచి వచ్చిన విషయానికి 24 గంటలు, బోర్డు సమావేశ నిర్ణయాలకు 30 నిమిషాలు, ఆ సమావేశం మార్కెట్ వేళల తర్వాత ముగిస్తే 3 గంటలు. మీ షేర్లు ఎక్కడ నమోదైతే అక్కడి గడియారం మీకు వర్తిస్తుంది.

రెండు తేదీల మధ్య దూరం. ఒక కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి. తర్వాతి ముఖ్య ఫలితం వచ్చే తేదీ ఒకటి, నగదు అయిపోయే తేదీ ఇంకొకటి. ఫలితం ముందు, నగదు ముగింపు ఏడాది తర్వాత ఉంటే మీరు నింపాదిగా మాట్లాడవచ్చు. నగదు తేదీ ముందుంటే మాత్రం మదుపరులకు ఆ సంగతి మీకన్నా ముందే తెలుసు. వాళ్లకు అంకెలు కూడటం వచ్చు. ఫలితానికి ముందే కొత్త షేర్లు జారీ చేస్తారని అంచనా వేసి, ఆ భయాన్ని ఇవాళ్టి ధరలోనే కలిపేస్తారు. అమెరికా లెక్కల ప్రమాణాల ప్రకారం, ఆర్థిక నివేదికలు విడుదలైన నాటి నుంచి ఏడాది పాటు సంస్థ నడవగలదా అన్న దానిపై గట్టి సందేహం ఉంటే నివేదికలో ఆ మాట రాయాల్సిందే. ఆ వాక్యం నివేదికలో మొదటిసారి కనిపించే రోజు వరకూ నోరు విప్పని సంస్థకు ఆ తర్వాత ఏ దారీ కలిసిరాదు.

వాటాదారులు ఎవరు? ఔషధ రంగంలోనే పెట్టుబడి పెట్టే ప్రత్యేక ఫండ్లా, వేల సంఖ్యలో చిన్న మదుపరులా, వ్యవస్థాపకుల బంధుమిత్రులా? షేర్ల ఖాతాలు నిర్వహించే డిపాజిటరీ నుంచి వచ్చే వాటాదారుల జాబితాను శ్రద్ధగా చదవని సంస్థలు చాలానే ఉన్నాయి.

ఎవరి సమయం తింటుంది? సీఈఓ ఒక వారం సదస్సుల్లో గడిపితే ట్రయల్‌లోకి రోగుల చేరిక ఒక వారం మందగిస్తుందనే అనుకోండి.

## ఒక్కచూపులో

| కొలబద్ద | కనీస వెల్లడి | పత్రికా ప్రకటనల పరంపర | ప్రత్యేక ఫండ్లతో ముఖాముఖి | చిన్న మదుపరులతో నేరుగా |
|---|---|---|---|---|
| చెడ్డ వార్త | మోస్తుంది, కానీ పొడిగా | కష్టం. వరుస తెగిపోతుంది | బాగా మోస్తుంది | చాలా కష్టం |
| అందరికీ ఒకేసారి | పూర్తిగా | పూర్తిగా | జాగ్రత్త తప్పితే ఉల్లంఘనే | ముందే ఏర్పాటు చేస్తే సరే |
| నిధుల సేకరణకు | బలహీనం | తాత్కాలిక ఊపు | అన్నిటికన్నా బలం | చిన్న మొత్తాలకు |
| సీఈఓ సమయం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | ఎక్కువ, పైగా ఆగదు |
| ప్రధాన ప్రమాదం | మర్చిపోతారు | శీర్షిక అతిశయం | నోరు జారడం | వాగ్దానాలుగా మారే మాటలు |

## దారి 1: చట్టం అడిగినంతే

త్రైమాసిక నివేదిక, తప్పనిసరి ప్రకటనలు, వార్షిక సమావేశం. వెబ్‌సైటులో పాత ప్రెజెంటేషన్ ఒకటి. ఫోను చేస్తే సీఎఫ్ఓ మర్యాదగా మాట్లాడతారు.

దీన్ని చిన్నచూపు చూసేవారే ఎక్కువ, కానీ కొందరికి ఇదే సరైనది. ఫలితం రెండేళ్ల దూరంలో ఉండి, నగదు మూడేళ్లకు సరిపడా ఉండి, వాటాల్లో ఎక్కువ భాగం నాలుగైదు ఫండ్ల చేతిలో ఉంటే, మధ్యలో మాట్లాడటానికి నిజంగా ఏమీ లేదు. లేనిది సృష్టించడం కన్నా పని చూసుకోవడం మంచిది. ధర కొంత నిద్రపోతుంది, షేర్ల లావాదేవీలు పలచబడతాయి. దానికి సిద్ధపడాలి.

అసలు చిక్కు వేరే ఉంది. చట్టం అడిగింది ఎంత అన్న ప్రశ్నకు చట్టమే అన్నిసార్లూ సూటిగా జవాబు చెప్పదు. నియంత్రణ సంస్థ నుంచి వచ్చే ఉత్తరాల విషయంలో ఈ ఇబ్బంది బాగా కనిపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక మందును ఆమోదించలేమంటూ కారణాలతో రాసే ఉత్తరం ఏళ్ల తరబడి సంస్థకు మాత్రమే తెలిసేది. బయటికి వచ్చేది సంస్థ చెప్పిన కథ. ఎఫ్‌డీఏ సిబ్బందే ఇలాంటి 61 ఉత్తరాలను పక్కన పెట్టుకుని సంస్థల ప్రకటనలతో సరిచూసి, 2015లో బీఎంజే వైద్య పత్రికలో ఆ వివరాలు ప్రచురించారు. 11 సందర్భాల్లో ప్రకటనే లేదు. మరో 13 ప్రకటనల్లో ఉత్తరంలోని ఒక్క అంశమూ కనిపించలేదు. ఉత్తరాల్లోని మొత్తం అంశాల్లో ప్రకటనల దాకా వచ్చినవి 14 శాతమే.

ఆ తెర ఇప్పుడు తొలగింది. 2025 జులైలో ఎఫ్‌డీఏ రెండు వందలకు పైగా పాత ఉత్తరాలను బయటపెట్టింది. ఇకపై వాటిని దాచి నెట్టుకురాగలమన్న ధీమాతో లెక్కలు వేసుకునే సంస్థ అసలుకే ఎసరు తెచ్చుకుంటుంది.

తెర ఉన్న రోజుల్లోనూ ఇది ప్రమాదమేనని అవియో ఫార్మాస్యూటికల్స్ ఉదంతం చెబుతుంది. కిడ్నీ క్యాన్సర్ మందు టివోజానిబ్ కోసం మరో ట్రయల్ చేయమని ఎఫ్‌డీఏ 2012లో సిఫారసు చేసింది. ఆ మాట మదుపరులకు చెప్పలేదన్నది అమెరికా షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఆరోపణ. 2013లో సలహా సంఘం సమావేశానికి ముందు ఎఫ్‌డీఏ పత్రాలు వెలువడటంతో విషయం బయటపడి షేరు ధర కూలింది. 2016లో సంస్థ 40 లక్షల డాలర్లు చెల్లించి వ్యవహారం ముగించుకుంది. విచిత్రమేమిటంటే ఆ మందుకు 2021లో ఆమోదం దొరికింది. మందు చివరికి నిలబడింది గానీ, చెప్పాల్సిన రోజున చెప్పకపోవడం వల్ల పోయిన పేరు అంత త్వరగా తిరిగి రాలేదు.

కాబట్టి ఈ దారి ఎంచుకుంటే తక్కువసార్లు మాట్లాడండి. మాట్లాడినప్పుడు మాత్రం సగం మాట మింగకండి.

## దారి 2: పత్రికా ప్రకటనల పరంపర

మొదటి రోగి చేరారు. సగం మంది చేరారు. చివరి రోగి చేరారు. ఫలానా దేశంలో పేటెంటు వచ్చింది. ఫలానా సదస్సులో పోస్టరు పెడుతున్నాం. కొత్త సలహాదారు వచ్చారు. ఇలా నెలకు రెండు మూడు ప్రకటనలు.

దీనికి ఒక న్యాయమైన కారణం ఉంది. చిన్న సంస్థను ఎవరూ తలచుకోరు, కనీసం పేరైనా కళ్లబడాలి. ఇంకో కారణం అంత న్యాయమైనది కాదు. అమెరికా షేర్ల మార్కెట్ నాస్‌డాక్‌లో షేరు ముగింపు ధర వరసగా 30 పని దినాలు ఒక డాలరు కన్నా తక్కువగా ఉంటే, జాబితా నుంచి తొలగించే ప్రమాదం ఉందని నోటీసు వస్తుంది, సరిదిద్దుకోవడానికి 180 రోజులు ఇస్తారు. ఆ 180 రోజుల్లో ప్రకటనలు హఠాత్తుగా జోరందుకుంటే అనుభవమున్న మదుపరికి సంగతి ఇట్టే అర్థమవుతుంది.

ప్రకటనలన్నీ ఒకే బరువు గలవి కావు. రోగుల చేరిక పూర్తయిందన్నది నిజమైన వార్త, ఎందుకంటే దాన్నిబట్టి ఫలితం ఎప్పుడొస్తుందో లెక్కగట్టవచ్చు. ట్రయల్ అంకెలను మధ్యమధ్యలో పరిశీలించే డేటా భద్రతా పర్యవేక్షక మండలి ట్రయల్‌ను మార్పుల్లేకుండా కొనసాగించమన్నది అన్న ప్రకటనలో మాత్రం మందు పనిచేస్తుందనడానికి దాదాపు ఏ సూచనా ఉండదు. ప్రమాదం కనిపించలేదు, ఆపాల్సిన కారణం కనిపించలేదు, అంతవరకే. దాన్ని శుభవార్తలా శీర్షిక కట్టి వదిలే అలవాటు చూస్తే నాకు చిరాకు. అలాగే నియంత్రణ సంస్థతో సమావేశం ‘చాలా సానుకూలంగా’ జరిగిందన్న ప్రకటన. ఎఫ్‌డీఏ ఆ సమావేశపు అధికారిక నమోదును 30 రోజుల్లో పంపుతుంది. అది చేతికొచ్చి, అందులోని మాటలు మీరు విన్న మాటలేనని తేలాక ప్రకటించడం క్షేమం. గదిలో నవ్వుతూ తలలూపడం అంగీకారం కిందికి రాదు.

ఈ దారిలో అసలు గండం శీర్షిక దగ్గర ఉంటుంది. ఇంటర్‌మ్యూన్ సంస్థ 2002 ఆగస్టులో ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ మందు ఆక్టిమ్యూన్ ట్రయల్ ఫలితం ప్రకటించింది. ట్రయల్ ప్రాథమిక లక్ష్యం, అంటే మందు పనిచేసిందా అని తేల్చడానికి ముందే పెట్టుకున్న ప్రధాన కొలత, నెరవేరలేదు. కానీ వ్యాధి తక్కువ, మధ్యస్థ దశల్లో ఉన్నవారిని విడిగా తీసి లెక్కిస్తే మరణాలు 70 శాతం తగ్గాయన్నది శీర్షికకెక్కింది. ఆ విభజన ముందుగా నిర్ణయించుకున్నది కాదు. ప్రకటనలోని అంకెలు కల్పితాలు కావు, లక్ష్యం చేరలేదన్న మాట కూడా లోపల ఉంది. అయినా 2009లో అప్పటి సీఈఓను జ్యూరీ మోసం కేసులో దోషిగా తేల్చింది. ఈలోగా 2007లో, అదే మందుపై జరుగుతున్న మరింత పెద్ద ట్రయల్‌ను ప్రయోజనం లేదని ఆపేశారు. ఆ సీఈఓకు 2021లో అధ్యక్షుడి క్షమాభిక్ష దొరికింది. ఆ శిక్ష న్యాయమా అన్న దానిపై గణాంక నిపుణుల్లో వాదనలు నడిచాయి. వాదనలో మీరు ఏ పక్షమైనా, కోర్టు మెట్లు ఎక్కించిన వస్తువు ఒక పత్రికా ప్రకటన అన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఆమోదం రాని మందు గురించి ‘సురక్షితం’, ‘సమర్థం’ అని ప్రచార ధోరణిలో రాయడాన్ని అమెరికా ఔషధ నియమాలు విడిగా నిషేధిస్తాయి. మదుపరుల కోసం రాసింది కదా అన్న సాకు ప్రతిసారీ చెల్లదు. ‘ఈ ట్రయల్‌లో ఇంతమందిలో ఇలాంటి దుష్ప్రభావాలు కనిపించాయి’ అని రాయవచ్చు. ‘మా మందు సురక్షితం’ అని రాయకూడదు.

## దారి 3: ప్రత్యేక ఫండ్లతో ముఖాముఖి

జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే జేపీ మోర్గాన్ ఆరోగ్య రంగ సదస్సు ఈ దారికి అతిపెద్ద కూడలి. అక్కడా, బ్యాంకులు జరిపే ఇతర సదస్సుల్లోనూ సీఈఓ, వైద్య విభాగాధిపతి కలిసి అరగంట చొప్పున ఒక్కో ఫండ్‌ను కలుస్తారు. ఎదుట కూర్చునేవారిలో డాక్టర్లు, జీవశాస్త్రంలో పీహెచ్‌డీలు చేసినవారు ఉంటారు. వాళ్లు మీ స్లైడ్లు చూడరు. ట్రయల్‌లో పోలిక సమూహం ఎందుకు అలా పెట్టారు, ఎంత తేడా పట్టుకునేలా రోగుల సంఖ్య లెక్కించారు, మధ్యలో మానేసినవారిని ఏ లెక్కలో వేస్తారు అని అడుగుతారు.

చెడ్డ వార్తను అన్నిటికన్నా బాగా మోసేది ఈ దారే. ప్రత్యేక ఫండ్ల చేతిలో ఇలాంటి సంస్థలు పదుల సంఖ్యలో ఉంటాయి, వైఫల్యాలు చూసి చూసి అలవాటుపడి ఉంటారు. ట్రయల్ ఎందుకు విఫలమైందో, ఆ వైఫల్యం మందుదా, మోతాదుదా, ట్రయల్ రూపకల్పనదా అన్నది మీరు నిజాయతీగా చెబితే రెండో మందుకు డబ్బు పెట్టడానికి తలుపు తెరిచే ఉంచుతారు. పెద్ద మొత్తంలో నిధులు వచ్చేదీ ఇక్కడి నుంచే. మంచి ఫలితం ప్రకటించిన సాయంత్రమే షేర్ల జారీ మొదలుపెట్టి తెల్లవారేసరికి ముగించడం ఈ రంగంలో మామూలు. ముందునుంచీ పరిచయం ఉన్న ఫండ్లు లేకపోతే ఆ రాత్రి అంత సులువుగా గడవదు.

ప్రమాదం నోటి దగ్గరే. ‘రోగుల చేరిక ఎలా ఉంది?’ అని మామూలుగా అడిగిన ప్రశ్నకు ‘అనుకున్నదానికన్నా బాగా సాగుతోంది’ అనేస్తే, ఆ మాట బయట ఎక్కడా చెప్పి ఉండకపోతే, కీలక సమాచారం ఒకరికే ఇచ్చినట్టు. ఇద్దరు వెళ్లడం, బహిరంగమైన స్లైడ్లు దాటి మాట్లాడకపోవడం, తిరిగి వచ్చాక ఏం అడిగారో ఏం చెప్పారో రాసిపెట్టుకోవడం కనీస జాగ్రత్తలు. నిధుల సేకరణకు ముందు కొందరిని రహస్యంగా సంప్రదించాల్సి వస్తే, ముందుగా వాళ్ల నుంచి గోప్యతకు, ఆ వ్యవహారం బహిరంగమయ్యేదాకా షేర్లు కొనబోమని, అమ్మబోమని ఒప్పుదల తీసుకోవాలి. ఇది న్యాయవాది చేయించాల్సిన పని. ఫోనులో ‘మన మధ్యే ఉండనివ్వండి’ అనడం దానికి బదులు కాదు.

ఈ దారికి ఇంకో లోటు ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. వాటాలన్నీ పది ఫండ్ల చేతిలో చేరితే, ఏదైనా ఒకటి మూతబడినా, మనసు మార్చుకున్నా, కొనేవాళ్లు లేని మార్కెట్‌లో దాని వాటా మొత్తం వచ్చి పడుతుంది.

## దారి 4: చిన్న మదుపరులతో నేరుగా

వెబ్‌కాస్టులు, ప్రశ్నోత్తరాలు, ఈమెయిలు లేఖలు, సోషల్ మీడియా. సోషల్ మీడియాలో కీలక సమాచారం పెట్టవచ్చని ఎస్ఈసీ 2013లోనే స్పష్టం చేసింది. ఒకటే షరతు: ఏ వేదికలు వాడతారో మదుపరులకు ముందే చెప్పి ఉండాలి. సీఈఓ సొంత ఖాతాలో హఠాత్తుగా ఒక మాట పెట్టడం ఆ షరతు కిందికి రాదు.

వినడానికి ఇది ప్రజాస్వామికంగా ఉంటుంది. పెద్ద ఫండ్లు తలుపు తీయని సంస్థలకు ఇది ఊపిరి కూడా. కానీ నా మొదటి కొలబద్దతో చూస్తే అన్నిటికన్నా వెనకబడేది ఇదే. చిన్న మదుపరుల బృందం కాలక్రమంలో అభిమాన సంఘంగా మారుతుంది. ప్రతి వెబ్‌కాస్టులో గతసారి కన్నా ఒక మెట్టు పైమాట వినాలని కోరుకుంటుంది. సీఈఓ ఆ మాట చెప్పడం మొదలుపెడతారు. ‘వచ్చే త్రైమాసికంలో’ అన్న అంచనా వాళ్ల చెవికి మాట ఇచ్చినట్టే వినిపిస్తుంది.

సైటోడిన్ సంస్థ, లెరాన్‌లిమాబ్ మందు విషయంలో ఇది ఎంత దూరం వెళ్లగలదో కనిపించింది. కోవిడ్ రోగుల్లో ఆ మందు ట్రయల్స్ ప్రాథమిక లక్ష్యాలు చేరలేదు. అయినా సంస్థ కొందరు రోగులను విడిగా తీసి లెక్కించిన అంకెలతో ఆశాజనకంగా మాట్లాడుతూ పోయింది. 2021 మేలో ఎఫ్‌డీఏ స్వయంగా ఒక బహిరంగ ప్రకటన చేసి, ఆ సమాచారం మందు పనిచేస్తుందనడానికి ఆధారం కాదని చెప్పింది. ఇంకా ఆమోదం కోరే దశలో ఉన్న మందు గురించి నియంత్రణ సంస్థ ఇలా నోరు విప్పడం చాలా అరుదు. 2024 డిసెంబరులో ఆ సంస్థ మాజీ సీఈఓను జ్యూరీ మదుపరుల మోసం కేసులో దోషిగా తేల్చింది.

అరుదైన వ్యాధుల మందుల్లో ఇంకో మెలిక ఉంది. చిన్న మదుపరుల్లో కొందరు రోగులే, లేదా రోగుల తల్లిదండ్రులే. ట్రయల్‌లో ఉన్నవారు మీ పేజీ కింద తమ లక్షణాల గురించి రాసుకుంటారు, నాకు పడింది అసలు మందా, ప్లాసిబోనా (మందు లేని ఉత్తుత్తి డోసు) అని చర్చించుకుంటారు. దుష్ప్రభావం గురించి ఎవరైనా రాస్తే దాన్ని మీ భద్రతా విభాగానికి చేర్చాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది. సోషల్ మీడియా చూసుకునే కుర్రవాడికి ఈ శిక్షణ ఇచ్చారా? లేకపోతే వ్యాఖ్యలు మూసేయడం ఉత్తమం.

డబ్బిచ్చి రాయించుకునే ‘స్వతంత్ర’ వ్యాసాల జోలికి వెళ్లవద్దు. 2017 ఏప్రిల్‌లో ఎస్ఈసీ ఇలాంటి వ్యవహారాల్లో 27 మంది వ్యక్తులు, సంస్థల మీద చర్యలు ప్రకటించింది. రాసినవారు సొమ్ము అందిన సంగతి చెప్పకపోవడమే నేరం. ప్రచార సంస్థ ఇచ్చే సేవల జాబితాలో ‘వ్యాసాల ద్వారా అవగాహన’ అన్న వరస ఉంటే దాన్ని కొట్టేయించండి.

## ఎవరు మాట్లాడాలి

దారి ఏదైనా ఈ ప్రశ్న మిగిలే ఉంటుంది. శాస్త్రం గురించి సీఈఓ లేదా వైద్య విభాగాధిపతి, డబ్బు గురించి సీఎఫ్ఓ. మూడో మనిషి మాట్లాడకూడదన్నది రాతపూర్వక నియమంగా ఉండాలి. బయటి ఐఆర్ (మదుపరుల సంబంధాల) సంస్థను పెట్టుకుంటే కేలండరు, వాటాదారుల జాబితా, ప్రకటనల ముసాయిదా వాళ్లు చూసుకుంటారు. కానీ ట్రయల్ గురించి లోతైన ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు, ఉండకూడదు కూడా. సొంత ఐఆర్ ఉద్యోగిని తీసుకోవడం మూడో దశ ట్రయల్ మొదలయ్యేదాకా చాలామందికి అనవసరపు ఖర్చు. వ్యవస్థాపకుడు తన మందును మరీ ప్రేమించేవాడైతే ఆయన పక్కన చల్లటి తలకాయ ఉన్న సీఎఫ్ఓ కూర్చోవాలి. ఇది నేను సరదాకు అనడం లేదు.

## మీకు ఏది

ఇంకా నమోదు కాని సంస్థ. పాత మదుపరులకు త్రైమాసికానికి రెండు పేజీల లేఖ చాలు. అనుకున్నవి, జరిగినవి, జరగనివి, మిగిలిన నగదు. ప్రకటనల పరంపర ఇప్పటినుంచే మొదలుపెడితే, ఐపీఓ వేళ ప్రచారంపై ఆంక్షలు వచ్చినప్పుడు న్యాయవాదులు పాత ప్రకటనలన్నీ తవ్వుతారు. అమెరికాలో 2012 చట్టంతో కొత్తగా వచ్చే చిన్న సంస్థలకు, 2019 చివరి నుంచి అన్ని సంస్థలకూ, పెద్ద ఫండ్ల నాడిని ముందుగా తెలుసుకునే వెసులుబాటు దొరికింది. అంటే దారి 3ను నమోదుకు ముందే మొదలుపెట్టవచ్చు.

ఒకే మందు, ఏడాదిలోపు ఫలితం, నగదు అంతకన్నా ఎక్కువ కాలానికి. దారి 3, దానికి తోడు చేరిక లాంటి నిజమైన మైలురాళ్లకే ప్రకటన. చిన్న మదుపరులకు త్రైమాసికానికో వెబ్‌కాస్టు పెట్టినా, ముందుగా రాసుకున్న మాటలు దాటవద్దు.

నగదు ముందు అయిపోతుంది, ఫలితం దూరం. అందరికన్నా ఇబ్బందికరమైన స్థితి. ఇక్కడ దారి 2 విపరీతంగా ఆకర్షిస్తుంది, ధర కాస్త పెరిగితే షేర్లు కొంచెం కొంచెంగా మార్కెట్‌లో అమ్ముకోవచ్చని. కొన్నాళ్లు నడుస్తుంది కూడా. నా సలహా వేరు: ఏ ఖర్చు ఆపితే నగదు ఫలితం దాకా వస్తుందో లెక్కగట్టి, రెండో మందు పని ఆపుతున్నామని బహిరంగంగా చెప్పి, ఆ లెక్కతో ప్రత్యేక ఫండ్లను కలవండి. వాళ్లకు కావలసింది నగదు తేదీ ఫలితం తేదీని దాటడం.

ఇటీవలే ట్రయల్ విఫలమై షేరు కుప్పకూలింది. ఆరు నెలలపాటు దారి 1. నగదు ఎంత, ఉద్యోగులు ఎంతమంది మిగిలారు, తర్వాతి నిర్ణయం ఏ తేదీకి. ఈ మూడింటికీ జవాబు లేకుండా కొత్త ప్రెజెంటేషన్‌తో బయలుదేరవద్దు.

వాటాదారుల్లో రోగుల కుటుంబాలు ఎక్కువ. దారి 4 తప్పించుకోలేరు. అయితే మదుపరుల పేజీ, రోగుల పేజీ వేరుగా ఉంచండి. రోగుల సంఘానికి చెప్పేది ఏదైనా అప్పటికే బహిరంగమై ఉండాలి.

## ఫలితం వచ్చే రోజుకు ముందు

ఏ దారిలో ఉన్నా ఇక్కడ ఒక ఎంపిక తప్పదు: ముఖ్య అంకెలు వెంటనే చెప్పాలా, వైద్య సదస్సు వేదిక కోసం పూర్తి వివరాలు ఆపాలా? నమోదిత సంస్థకు ప్రాథమిక లక్ష్యం నెరవేరిందా లేదా అన్నది వారాల తరబడి దాచుకునే హక్కు దాదాపు ఉండదు. కాబట్టి మామూలుగా జరిగేది రెండంచెల వెల్లడి. సదస్సులకు సొంత ఆంక్షలు ఉంటాయి కనుక ఏ అంకె ముందు చెప్పవచ్చో నిర్వాహకులను ముందే అడిగి తెలుసుకోవాలి. మొదటి అంచెలో కనీసం ఇవి ఉండాలి: ఎంతమంది రోగులు, ప్రాథమిక లక్ష్యం ఏమిటి, దాని ఫలితం ఏమిటి, తీవ్ర దుష్ప్రభావాలు ఏ సమూహంలో ఎన్ని, ఎంతమంది మధ్యలో మానేశారు. ‘ఆశాజనక ధోరణి’ అన్న మాట ఒక్కటే ఉండి అంకె లేకపోతే, లక్ష్యం తప్పిందనే మార్కెట్ చదువుకుంటుంది. చాలాసార్లు ఆ చదవడం సరైనదే.

మధ్యంతర ఫలితాలు మాత్రం ఇంకా సున్నితం. ఓరెక్సిజెన్ సంస్థ బరువు తగ్గించే మందు కాంట్రేవ్‌పై గుండె భద్రతా ట్రయల్ జరుపుతుండగా, లెక్కించాల్సిన గుండెపోటు లాంటి ఘటనల్లో మొదటి 25 శాతం లెక్క 2015 మార్చిలో పేటెంటు సమాచారం ద్వారా బయటికి వచ్చింది. గుండె ముప్పు 41 శాతం తగ్గినట్టు కనిపించింది. షేరు ఎగిసింది. సగం ఘటనల లెక్క వచ్చేసరికి ఆ లాభం ఆవిరైంది, రెండు నెలల్లో ట్రయల్‌నే ఆపేయాల్సి వచ్చింది. మధ్యంతర అంకెలు సంస్థలో ఎవరెవరికి తెలుస్తాయన్న జాబితా చిన్నదిగా, వీలైతే ఖాళీగా ఉండాలి.

అంకెలు తెరిచే తేదీకి నెల ముందే మూడు ప్రకటనలు రాసి బోర్డు చేత, న్యాయవాది చేత చదివించండి: లక్ష్యం నెరవేరితే ఒకటి, నెరవేరకపోతే ఒకటి, కొంత నెరవేరి కొంత తప్పితే ఒకటి. అదే రోజు నుంచి ఉద్యోగుల షేర్ల లావాదేవీలు ఆపించండి. మొదటి రెండు ప్రకటనలు ఒక పూటలో తయారవుతాయి. మూడోదానికే వారాలు పడుతుంది, ఏ అంకె ముందు రావాలన్న దానిపై వైద్య విభాగానికీ సీఈఓకూ గొడవ జరుగుతుంది. దాన్ని ముందు మొదలుపెట్టండి. ఆ గొడవ ఫలితం తెలియక ముందే జరగాలి.